ఊరికే వచ్చిన మనిషి

ఆ పిల్ల ఉద్యోగం తీసింది మీరే. మేనేజర్ లొరెయిన్ బికర్స్, సంతకం నీది. సిరిల్ టాస్కర్, నోరు నీది. ఇంగ్లండులో క్లీథోర్ప్స్ సముద్రం ఒడ్డున ఆ ముసలాళ్ళ హోమ్‌లో, హాల్లో కుర్చీలకి అతుక్కుపోయి, బిస్కెట్లు టీలో ముంచుకుంటూ తలలూపిన మిగతా తొమ్మిదిమందీ, మీరూ తక్కువేం కాదు. కానీ అందరికంటే ముందు నిలబెట్టి అడగాల్సింది ఎనిడ్ గార్బట్‌ని. సూత్రం ఆవిడది. ఆ సూత్రమే లేకపోతే రూడో చిగుంబ ఈపాటికి పై అంతస్తులో ఎవరి పక్కో దులుపుతూ ఉండేది.

సూత్రం సినిమాల్లోంచి పుట్టింది.

మధ్యాహ్నం రెండున్నరకి టీవీలో పాత నేర సినిమాలు వేస్తారు. నలుపు తెలుపు. గంటా అయిదు నిమిషాలకి మించి ఉండవు. ఒకప్పుడు పెద్ద సినిమాకి ముందు, జనం చీకట్లో సీట్లు తడుముకునే టైములో వేయడానికి చవగ్గా చుట్టిపడేసిన సరుకు. సిరిల్ పాతికేళ్ళు పక్కనున్న గ్రిమ్స్‌బీలో సినిమా ప్రొజెక్టర్ ఆపరేటరు.

"ఇలాంటివి వందలు ఆడించాను," అంటాడు. "మొదట్నుంచీ చూసినవాడు ఒక్కడు లేడు. జనం లోపలికొచ్చేసరికే శవం పడి ఉండేది."

ఎనిడ్ చేపల రేవులో ముప్పై ఏళ్ళు కత్తి పట్టిన మనిషి. యూనియన్ మనిషి. ఎనభై మూడేళ్ళొచ్చినా ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. సినిమా చూస్తూ కూడా వాకర్ పట్టుకుని లేస్తుంది, కూర్చుంటుంది, కిటికీ దాకా వెళ్ళొస్తుంది. సగం సినిమా నిలబడే చూస్తుంది. నోరు మాత్రం టీవీ దగ్గరే ఉంటుంది.

"ఆ గోడ చూడు సిరిల్, ఊగింది."

"తలుపు గట్టిగా వేశాడు మరి."

"తలుపేస్తే ఊగే గోడలున్న ఇంట్లో కోటీశ్వరుడు ఎలా ఉంటాడయ్యా?"

"అద్దెకుంటున్నాడేమో."

సోమవారం సినిమాలో వకీలు ఇంటి మెట్లూ, బుధవారం సినిమాలో హోటల్ మెట్లూ ఒకటే. కమ్మీ మీద లేచిన పెచ్చు కూడా అదే. నల్ల కారు ఒకటే మలుపు మూడుసార్లు తిరుగుతుంది, మూడుసార్లూ పక్కన అదే పాలబండి గుర్రం. నైట్ క్లబ్ అంటే మూడు బల్లలు, కుండీలో ఒక తాటాకు మొక్క, పాడే పిల్ల ఒకతి. హీరో అమెరికా నుంచి దిగిన మనిషి. అక్కడ వేషాలు రావడం మానేశాక ఇక్కడికొచ్చి, పొట్ట లోపలికి పీల్చి పరిగెడుతూ ఉంటాడు. ఇన్‌స్పెక్టర్ వానకోటు విప్పడు. లోపల చొక్కా లేదేమోనని ఎనిడ్ అనుమానం.

నవ్వుకుంటూనే పందెం వేసేవాళ్ళు. హంతకుడెవరో చెప్పినవాళ్ళకి మిగతావాళ్ళు తలా ఒక కస్టర్డ్ బిస్కెట్ ఇవ్వాలి. ఎనిడ్ దగ్గర బిస్కెట్లు ఎప్పుడూ కుప్ప. ఇరవైలో పంతొమ్మిదిసార్లు ఆవిడదే గెలుపు.

"ఇందులో తెలివేం లేదు," అనేది. "చేతిలో డబ్బు లేనివాడు తీసిన సినిమా ఇది. ఒక్క మనిషిని కూడా ఊరికే పెట్టడు. టీ తెచ్చే పిల్ల టీ తెస్తుంది. పోలీసు తలుపు తీస్తాడు. మరి ఆ మీసాలాయన? పొద్దుట్నుంచీ చలిమంట పొయ్యి పక్కన నిలబడ్డాడు. ఒక్క పని లేదు. పని లేనివాడికి కూలి ఎందుకిచ్చినట్టు? వాడే."

హాలంతా ఆ మాట బట్టీ పట్టేసింది. పని లేకుండా కనిపించినవాడే దొంగ.

ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున సిరిల్ చేతి గడియారం కనిపించలేదు. అతను రిటైరైన రోజు సినిమా హాలువాళ్ళు ఇచ్చింది. సినిమా మధ్యలో, చావు ఖర్చుల బీమా ప్రకటన వస్తుండగా, బికర్స్ లోపలికొచ్చింది. చేతిలో కాగితం.

"బంగారాలూ, ఎవరైనా ఏమైనా చూశారా? కొంచెం ఆలోచించి చెప్పండి."

ఎవరూ ఆలోచించలేదు. ఎనిడ్ టీవీ మీంచి కళ్ళు తీయకుండా ఒక మాట విసిరింది. "పని లేకుండా ఎవరు తిరిగారో చూసుకో. వాళ్ళే."

నవ్వులు. ఆ నవ్వుల్లోంచి సిరిల్ గొంతు వచ్చింది. "అదేంటి, నిన్న సోమవారం, రూడోకి సెలవు కదా. మెట్ల మీద కనిపించింది నాకు. కోటు వేసుకుంది. చేతిలో సంచి."

నవ్వులు ఆగిపోయాయి. కుర్చీలు ముందుకి జరిగాయి. సెలవు రోజు ఎందుకొచ్చినట్టు? సంచి ఎందుకు? ఇంకొకావిడ, తను కూడా అంతకుముందు సోమవారం చూశానంది. ఆ హాల్లో అన్నేళ్ళలో అంత ఉషారు ఎవరూ చూడలేదు. రూడో నల్లపిల్ల కాబట్టి కాదు అని తరవాత ఎవరికి వాళ్ళు చెప్పుకున్నారు. అంత గట్టిగా చెప్పుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ అడుక్కోలేదు.

"ఎనిడ్ అమ్మా, మీరూ చూశారా?" అంది బికర్స్.

చూసింది. మెట్ల దగ్గర, కోటు, సంచి. అబద్ధం కాదు. అదే కాగితం మీద రాసి సంతకం పెట్టింది. ఆ సాయంత్రం ఆవిడకి రెండు బిస్కెట్లు ఎక్కువ వచ్చాయి.

రూడోని పిలిచి అడిగారు. సోమవారం ఇక్కడ నీకేం పని? రూడో నేల చూసింది. ఏమీ లేదంది. ఇంకోసారి అడిగారు. ఊరికే వచ్చానంది. శుక్రవారానికి దొంగతనమని ఉత్తరం రాసి పంపించేశారు. జింబాబ్వే నుంచి వచ్చిన మనిషి. ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం ఆ ఉద్యోగానికే ముడేసి ఉంది. అరవై రోజుల్లో ఇంకో యజమాని దొరక్కపోతే విమానం ఎక్కాలి. దొంగతనం మచ్చపడిన మనిషికి యజమాని ఎక్కడ దొరుకుతాడు?

ఎనిడ్‌కి ఆ వారం నుంచి కాళ్ళు నిలవలేదు. వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి వాకర్ ఈడ్చుకుంటూ తిరిగింది. సినిమా మొదలైతే పది నిమిషాలకే లేచిపోయేది. తెరమీద పొయ్యి పక్కన ఎవడో ఊరికే నిలబడి కనిపిస్తే చూపు కిటికీవైపు తిప్పేసుకునేది. రూడో అందరినీ అమ్మమ్మగారూ తాతగారూ అనేది. ఆమె బదులు, రోజుకూలికి మనుషుల్ని పంపే ఏజెన్సీ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల ఎవరినీ ఏమీ అనదు. గోడ గడియారం చూసుకుంటుంది.

అలా తిరుగుతూ తిరుగుతూ తొమ్మిదో గది ముందు ఆగింది. లోపల మ్యూరియల్ డాబ్స్, రెండేళ్ళుగా మంచం మీదే. ముక్కు చీదుతోంది.

"ఏడుస్తున్నావా?"

"జలుబు."

"ఆగస్టులో జలుబేంటి?"

"నా ముక్కు నా ఇష్టం. సంతకం పెట్టింది నువ్వేగా?"

"చూసిందే రాశాను. సెలవు రోజు మెట్ల మీద ఉంది. అబద్ధమా?"

"కాదు. నిజమే. దుప్పటి తియ్యి."

"ఎందుకు?"

"తియ్యమన్నానా. కాళ్ళ వైపు."

ఎనిడ్ తీసింది. జూన్‌లో ఒకసారి ఆ పాదాలు తను చూసింది. బొటనవేలి గోరు వంకర తిరిగి పక్క వేల్లోకి దిగి నెత్తురు కారుతుండేది. ఇప్పుడు పది గోళ్ళూ తిన్నగా, పొట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. పక్క వేలి మీద మానిపోయిన గాటు.

"పనివాళ్ళు మన గోళ్ళు ముట్టుకోకూడదని రూలు కదా," అంది మ్యూరియల్. "గోళ్ళు తీసే ఆవిడ బయట్నుంచి రావాలి. ఈస్టర్ నుంచి వచ్చిందా? రాలేదు. అందుకని రూడో సెలవు రోజు వచ్చేది. సొంత బట్టల్లో. పనిమనిషిగా కాదు, చుట్టంలాగా. సంచిలో కత్తెరా తువ్వాలూ మడతపెట్టే బేసినూ. వేణ్ణీళ్ళలో గంటసేపు నానబెట్టి, ఒక్కొక్కటీ."

ఎనిడ్ మంచం అంచున కూలబడింది. "అడిగినప్పుడు చెప్పొచ్చుగా."

"చెబితే అదో తప్పు. పైగా నేను మాట తీసుకున్నా, నా కాళ్ళ సంగతి ఎవరికీ చెప్పద్దని. సిగ్గేసింది."

"నువ్వైనా నోరు విప్పచ్చుగా."

"ఈ గదికి ఎవరొచ్చి అడిగారు?" మ్యూరియల్ గోడవైపు తిరిగింది. అటే చూస్తూ అంది, "అడిగినా చెప్పేదాన్నో లేదో. చెప్పేదాన్ననే అనుకుంటా."

ఎనిడ్ తిన్నగా బికర్స్ ఆఫీసుకి నడిచింది. తలుపు కొట్టలేదు.

"నా కాగితం వెనక్కివ్వు."

విషయమంతా విని బికర్స్ కుర్చీలో వెనక్కి వాలింది. గొంతులో వెన్న రాసుకుంది. "తల్లీ, మీరు మంచి మనసుతో చెప్తున్నారు. కానీ గోళ్ళు కత్తిరించడం ఇంకా పెద్ద తప్పు. తెగి నెత్తురొస్తే బీమావాళ్ళు ఊరుకోరు. మీరు ఇది బయటపెట్టారనుకోండి, ఆ అమ్మాయికి దొంగతనం పోయి ఇంకోటి తగులుకుంటుంది. మీరు మాట్లాడకపోవడమే మేలు."

"అయితే గోళ్ళు తీసే ఆవిడ ఎందుకు రావట్లేదు?"

"అది పైఆఫీసు చూసుకుంటుంది."

"నాలుగు నెలల్నుంచి చూస్తూనే ఉందా?"

"టీ టైమైంది తల్లీ," అంది బికర్స్.

రేవులో ఇలాంటి గొంతులు ఎనిడ్ చాలా విన్నది. అప్పుడు వాటికి ఏం చేయాలో తెలుసు. కత్తులు బల్లమీద పెట్టేసి చేతులు కట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఆపడానికి చేతిలో పనేదీ? ఆ రాత్రంతా పక్కమీద అటూ ఇటూ దొర్లింది. సాక్సులోంచి పొడుచుకొచ్చిన తన గోరే దుప్పటికి పట్టుకుని పీకింది.

మర్నాడు సినిమా. లిఫ్టులో శవం. ఎనిడ్ సిరిల్ పక్కన కూర్చుంది.

"నీ ఫిర్యాదు వెనక్కి తీసుకో."

"గడియారం దొరికిందా?"

"లేదు."

"మరి ఎవరు తీశారు?"

"తెలీదు."

"నీకా తెలీనిది?" సిరిల్ నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. ఎనిడ్ మ్యూరియల్ కాళ్ళ సంగతి చెప్పింది. అతను తెరవైపు తిరిగాడు. "ఎవరో ఒకరు తీసుండాలి కదా ఎనిడ్. గడియారం దానంతటది నడిచిపోదు."

"పోదు. ఎవరు తీశారో నాకు తెలీదు, నీకు తెలీదు. గంటా అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు దొరికిపోవాలని మనమే రాసుకున్నాం. ఆ పిల్ల సినిమాలో వేషగత్తె కాదయ్యా. మనిషి ఊరికే కూడా ఎక్కడికైనా వస్తుంది. ఇంకో మనిషి కాలు నొప్పి పుడుతోందని వస్తుంది."

తెరమీద ఇన్‌స్పెక్టర్ అందరినీ ఒక గదిలో చేర్చాడు. ఇంకో అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఎనిడ్ లేచి, వాకర్ తోసుకుంటూ వెళ్ళి, టీవీ కట్టేసింది.

హాలు గోల పెట్టింది. "ఏయ్, ఎవడో తెలిసేలోపలే?" "మీసాలోడే, నేను బిస్కెట్ పెట్టాను." "టీవీ పెట్టవమ్మా, తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"సాక్సులు విప్పండి," అంది ఎనిడ్.

పిచ్చెక్కిందనుకున్నారు. ఆవిడ కుర్చీలో కూర్చుని, వాకర్‌కి తగిలించి ఉండే చేతికర్ర తీసి, దాని వంపుతో మడమ దగ్గర పట్టి తన సాక్సు ఊడదీసింది. గోళ్ళు ఆల్చిప్పల్లాగా పసుపెక్కి వంకర తిరిగి ఉన్నాయి. చిటికెన వేలి గోరు కనిపించడమే లేదు, మాంసంలోకి వెళ్ళిపోయింది. రూడో ఎందుకొచ్చేదో, బికర్స్ ఏమందో, తను ఏం సంతకం పెట్టిందో లేచి నిలబడి చెప్పింది. దాచలేదు. "నేను చూసింది నిజం. చెప్పింది తప్పు. మీరు తలూపారు," అంది.

మూలన ఒకావిడ వంగి చూసింది, చెయ్యి అందలేదు. ఎవరికీ అందదు. అందితే ఈ గొడవే లేదు. సిరిల్ ఆయాసపడుతూ ముందుకి వంగాడు, మోకాలి దగ్గరే ఆగిపోయాడు.

"నీ కర్ర ఇలా తే," అన్నాడు.

ఎనిడ్ కర్ర వంపు అతని సాక్సుకి తగిలించి లాగింది. చిల్లు పడ్డ గోధుమరంగు సాక్సు. బొటనవేలు దాన్ని చీల్చుకుని ఎప్పుడో బయటికొచ్చింది. అతను పాదం చూసుకుని మొహం పక్కకి తిప్పుకున్నాడు. "నాలుగు నెలలైంది చూసుకుని," అన్నాడు. ఆ తరవాత కర్ర చేతులు మారింది. ఒకరి సాక్సు ఒకరు పీకారు. ఒకావిడకి చక్కిలిగింత పుట్టి నవ్వు ఆపుకోలేకపోయింది. ఏజెన్సీ పిల్ల ట్రేతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. తివాచీ మీద ఇరవైరెండు పాదాలు వరసగా.

ఆ పిల్ల వెనకే బికర్స్ వచ్చింది. "ఏంటిది బంగారాలూ? జలుబు చేస్తుంది. సాక్సులు వేసుకోండి. ఎల్లుండి శనివారం మీవాళ్ళంతా టీ పార్టీకి వస్తున్నారు, అందరూ చక్కగా..."

"రానీ," అంది ఎనిడ్. కూర్చోలేదు. వాకర్ మీద రెండు చేతులూ ఆన్చి నిలబడింది. "ఇలాగే కూర్చుంటాం. మా కొడుకులూ కోడళ్ళూ మనవలూ ఈ కాళ్ళు చూస్తూ కేకు తింటారు. నాలుగు నెలల గోళ్ళు. ఎందుకు పెరిగాయని అడుగుతారు, చెప్తాం. ఒకత్తే తీసింది, ఆవిడని వీళ్ళు తీసేశారని చెప్తాం."

"ఎనిడ్ అమ్మా, ఆఫీసులోకి రండి, మాట్లాడదాం."

"రాను. ఇక్కడే. సిరిల్, చెప్పు."

సిరిల్ పాదం కుర్చీ కిందికి లాక్కోబోయి, మళ్ళీ ముందుకే చాపాడు. "గడియారం పోయింది. ఆ పిల్ల తీయడం నేను చూళ్ళేదు. కోటు చూశాను, అంతే. అలాగే రాసుకో."

"విన్నావుగా," అంది ఎనిడ్. "నా కాగితం తెచ్చి ఇక్కడే చింపు. నువ్వు రాసిన ఉత్తరం తప్పని ఇంకో ఉత్తరం రాయి, మీ పైఆఫీసుకీ వీసా ఇచ్చేవాళ్ళకీ. గోళ్ళ రూలు మీద అడగాల్సింది ఆ పిల్లని కాదు, ఆ రూలు పెట్టి మనిషిని పంపనివాళ్ళని అడుగు. అరవై రోజుల్లో పదమూడు అయిపోయాయి. రేపు కాదు, టీ అయ్యాక కాదు. ఫోను నీ జేబులోనే ఉంది లొరెయిన్. తీసి రూడోకి కొట్టు. మేమందరం వింటుండగా రమ్మను."