బెల్లం లేని కుసుమ పాలు

నేను ఒక కుసుమ గింజను. చూడ్డానికి చిన్నపిల్ల పాలపన్నులా తెల్లగా, నున్నగా ఉంటాను. తాండూరు వైపు నల్లరేగడిలో మావాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. జొన్నచేను చుట్టూ మమ్మల్ని కంచెలా విత్తుతారు. మా ముళ్లకు భయపడి పశువులు చేలోకి దిగవు. పండితే గానుగకు పోతాం, లేదంటే చిలకల పాలవుతాం. అంతకంటే చెప్పుకోదగ్గ బతుకు కాదు మాది.

నా సంగతి వేరు. నా తల్లి మొక్కను మనుషులు మార్చారు.

పట్నంలో ఒక గాజు గది. అందులో అరుంధతి మేడమ్ అని ఒకావిడ. మనిషి ఒంట్లో చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్ అనేది ఒకటుంటుందట. దాన్ని తయారుచేసే గుణాన్ని తీసుకొచ్చి ఆమె మా కుసుమ మొక్కలో పెట్టింది. ఎలా పెట్టిందని నన్నడగకండి. తల్లి ముక్కు తనకెలా వచ్చిందో బిడ్డకు తెలుస్తుందా? ఇదీ అంతే. ఒకటి మాత్రం నిజం. నాలో నూనెతో పాటు ఆ మందు కూడా ఉంది.

మమ్మల్ని పరీక్ష కోసం తాండూరు దగ్గర చిన్న చేనులో విత్తారు. చుట్టూ ఇనుప జాలి, గేటుకు తాళం. పూలు విచ్చే వేళకు ఒక్కో పువ్వుకీ గుడ్డ సంచి తొడిగారు, తేనెటీగలు మా పుప్పొడిని పక్క చేలకు మోసుకుపోకుండా. మనిషి మందును మోసే పువ్వులకు మనిషే ముసుగు వేశాడు. నవ్వొచ్చింది నాకు. అవి నవ్వే రోజులు.

ఆ చేనుకు కాపలా మాణికప్ప. పొడుగు మనిషి, తలకు ఎర్ర రుమాలు. ఆయన భార్య శరణమ్మ మధ్యాహ్నం సద్ది తెచ్చేది. వెంట కూతురు జగదేవి. అయిదో తరగతి చదువుతోంది. ఆ పిల్లకు చక్కెర జబ్బు. పెద్దవాళ్లకొచ్చే రకం కాదు, పసితనంలోనే వచ్చి పట్టుకునే రకం. పూటపూటా సూది పడాల్సిందే. మందుసీసా చల్లగా ఉండాలని శరణమ్మ తడి ఇసుక పోసిన కుండలో దాచేది. సద్ది తినేముందు గట్టు మీద కూర్చోబెట్టి సూది వేసేది.

"అమ్మా, నువ్వు దర్జీ ఇంట్ల పుట్టినవానే? దినాం నన్ను కుడుతనే ఉంటవ్."

"కుట్టకపోతే చినుగుతవ్ బిడ్డా. కదలకు."

"గింత కుట్టినంక ఒక్క జేబన్నా పెట్టకపోతివి."

శరణమ్మ నవ్వేది. మాణికప్ప మాత్రం సూది దిగేటప్పుడు మొహం తిప్పుకుని మావైపు చూసేవాడు. ఆ చూపు ఎప్పుడూ నా మీదే పడేది. అప్పుడు నేనింకా పచ్చి కాయలో ఉన్నాను.

ఒకరోజు మేడమ్ వచ్చింది. మాణికప్ప చేతులు కట్టుకుని అడిగాడు.

"మేడమ్, గీ గింజల నిజంగనే షుగరు మందున్నదా?"

"ఉంది మాణికప్పా! ప్రతి గింజలో కొంచెం కొంచెం. ఈ చేను చాలు, ఎంతమంది పిల్లలకు సరిపోతుందో తెలుసా?" ఆమె కళ్లు మెరిశాయి. చెప్పింది అబద్ధం కాదు. చెప్పాల్సింది ఇంకా ఉంది. గింజ నుంచి మందును విడదీయాలి, శుద్ధి చేయాలి, ఆ తర్వాత మళ్లీ సూదిలోకే ఎక్కించాలి. అది ఆమె చెప్పలేదు. ఆమె దృష్టిలో అందరికీ తెలిసిన సంగతే అది. వెళ్తూ వెళ్తూ, "ఇవి ఎవరూ తినకూడదు సుమా" అంది.

మాణికప్ప ఆ మాటను తన లెక్కలో అర్థం చేసుకున్నాడు. పెద్దోళ్లు ముట్టొద్దన్నారంటే అది మంచిదన్నమాట. చెడ్డదానికి ఎవరు తాళం వేస్తారు?

మాఘం వెళ్లేసరికి కోతలయ్యాయి. నల్లరేగడి నెర్రెలు బారింది. కాయలు కొట్టి గింజ రాల్చేటప్పుడు కొన్ని గింజలం ఎగిరి నెర్రెల్లో పడ్డాం. మూటలు బండెక్కి పోయాక మాణికప్ప పుల్లతో మమ్మల్ని పైకి తీసి రుమాలు కొంగులో కట్టుకున్నాడు. దొంగతనం అనుకోలేదాయన. భూమి మింగినదాన్ని భూమి దగ్గరే తీసుకున్నాననుకున్నాడు.

ఆ వైపు ఒక అలవాటుంది. కుసుమ గింజల్ని నానబెట్టి, రోట్లో రుబ్బి, గుడ్డలో పిండి పాలు తీస్తారు. బెల్లం వేసి కాస్తారు. బాలింతకైనా, జ్వరమొచ్చి లేచినవాళ్లకైనా మొదట నోట్లో పోసేది అదే. అందుకే మాణికప్పకు అనుమానం రాలేదు. ఒంటికి బలమిచ్చేది ఎప్పుడూ నోట్లోంచే పోయింది మరి.

శరణమ్మకు వచ్చింది అనుమానం.

"దవాఖాన్ల ఒక్క మాట అడుగుదమయ్యా."

"ఎందుకే? మేడమే చెప్పింది. ఆమెకన్న పెద్ద డాక్టరు ఎవ్వలున్నరు? పిల్ల తొడలు జూసినవా, జల్లెడైనయ్. నెల దినాలు పాలు తాగనియ్యి, సూది మాటే ఉండదు."

శరణమ్మ పిల్ల తొడలకేసి చూసింది. తర్వాత లేచి రోలు కడిగింది. ఆమె చేతులకూ సూది వేసి వేసి విసుగొచ్చి ఉంటుంది. తప్పు పట్టలేను.

నాతోటివాళ్లందరూ రోట్లో నలిగారు. నేను రుమాలు కుట్టు మడతలో ఇరుక్కుని మిగిలిపోయాను.

"థూ! బెల్లం లేకుండ గిదేం పాలే అమ్మా? మేకలన్న తాగుతయా?"

"తాగు జగ్గవ్వా. ఇది తాగితే సూది లేదు."

"నిజంగ? ఒట్టు?"

ఒక్క గుక్కలో తాగేసింది. ఆ పూట సూది లేదు. మర్నాడూ లేదు. పిల్ల వాడంతా తిరిగి చెప్పుకొచ్చింది, మా నాయిన నాకు సూది లేని మందు తెచ్చిండని. మాణికప్ప అరుగు మీద కూర్చుని కూతురు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే చూశాడు. అంత సంతోషంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు నేను.

తర్వాత దాహం మొదలైంది. చెంబు మీద చెంబు తాగింది. కడుపునొప్పన్నది, వాంతి చేసుకుంది. ఊపిరి బరువుగా తీస్తోంది, నోరు మగ్గిన పండు వాసనేస్తోంది.

"సూది ఏస్తనయ్యా."

"ఆగే. మందు పని జేస్తున్నది. ఇంకింత పాలు పోస్త."

పిలిస్తే పిల్ల పలకనప్పుడు శరణమ్మ ఆగలేదు. ఇసుక కుండలో చెయ్యి పెట్టి సీసా తీసింది, ఏడుస్తూ సూది వేసింది. ఆలస్యమైపోయింది. ఆటోలో తాండూరు దవాఖానకు తీసుకుపోయారు. దారంతా మాణికప్ప ఎర్ర రుమాలుతో పిల్ల మొహం తుడుస్తూనే ఉన్నాడు. ఆ చెమట నాకూ తగిలింది.

డాక్టరు కేకలేశాడు. "ఇన్సులిన్ ఎందుకు ఆపారు? ఏమిచ్చారు పిల్లకి?"

"మందే ఇచ్చిన సార్. మందే ఇచ్చిన."

అంతా విన్నాక డాక్టరు గొంతు తగ్గింది. "అన్నం అరిగినట్టే అదీ కడుపులో అరిగిపోతుందయ్యా. రక్తంలోకి పోదు. అందుకే సూది."

నా గురించి నాకు అప్పుడే తెలిసింది. నాలో మందుంది. నోట్లో వేసుకుంటే నేను వట్టి గింజను.

తెల్లవారకముందే జగదేవి పోయింది. మాణికప్ప రుమాలు విప్పి బిడ్డ మీద కప్పాడు.

కొన్నాళ్లకు అరుంధతి మేడమ్ వాళ్లింటికి వచ్చింది. మంచం వాల్చినా కూర్చోలేదు, నేల మీదే కూలబడింది. మాణికప్పే ముందుగా అడిగాడు.

"మేడమ్, గింజల మందైతే ఉన్నదిగద?"

"ఉంది మాణికప్పా."

"అబద్ధం గాదుగద?"

"కాదు. కానీ నేను పూర్తిగా చెప్పలేదు. చెప్పాల్సింది."

ఆయన తల ఊపాడు. ఆ మాటతో ఏదో కొంచెం బరువు దిగినట్టు కళ్లు తుడుచుకున్నాడు.

గడపలో నిలబడ్డ శరణమ్మ అంది. "మీ ఇద్దరిల ఎవ్వలు అబద్ధమాడలే. ఎవ్వలు చెడు కోరలే. నా బిడ్డె పోయింది."

శరణమ్మ లోపలికి పోయి, బిడ్డ మీదనుంచి తీసిన ఆ రుమాలు ఉతికేటప్పుడు మడతలో దొరికిన నన్ను తెచ్చి మేడమ్ అరచేతిలో పెట్టింది.

"ఇది మీదేనమ్మా. మా ఇంట్ల వద్దు."

ఇప్పుడు నేను పట్నంలో చల్లటి గదిలో, చిన్న గాజుసీసాలో ఉన్నాను. ఇక్కడికి కాలేజీ పిల్లలు, అధికారులు చూడ్డానికి వస్తుంటారు. ఒకప్పుడు మేడమ్ మా గురించి చెప్పేటప్పుడు, గింజలో మందు పండుతుందని మొదలుపెట్టేది. ఇప్పుడలా కాదు. సీసా చేతిలోకి తీసుకుని, ముందుగా అంటుంది, "ఇది తింటే పనిచేయదు."

వచ్చినవాళ్లు నవ్వుతారు.

"దీన్ని ఎవరు తింటారు మేడమ్?"

ఆమె నవ్వదు. సీసా ఎక్కడినుంచి తీసిందో అక్కడే పెడుతుంది.