మూత బిగించిన సీసా

ఊరి చెత్తంతా వచ్చే షెడ్డులో బెల్టు ముందు నిలబడి ప్లాస్టిక్కు, గాజు వేరుచేసేవాళ్లందరికీ ఆమె పెద్దక్క. పక్కన నిలబడేది సొంత తోటికోడలు. పోయిన నెల ఆ పిల్ల చేతిలో, గ్లవ్స్ ఉన్నా, ఎవరో పారేసిన ఇంజెక్షన్ సూది దిగింది. రోగమేదైనా అంటిందో లేదో మూడు నెలలు పోతేగానీ పరీక్షల్లో తేలదన్నారు. ఆ పారేసినవాళ్లని పెద్దక్క అప్పట్నుంచి తిట్టని తిట్టు లేదు.

అందుకే బెల్టు పైన కెమెరా బిగించారు. సూదులొస్తే కంప్యూటరు బెల్టు ఆపెయ్యాలి. వస్తువు ఎలా ఉంటుందో మాటల్లో చెబితే చాలట, బొమ్మలో అదే పోల్చుకుంటుందట. "సన్నగా, పొడవుగా, మెరుస్తూ ఉండేది" అని ఇంజనీరు రాశాడు. ఇంకేం, తీగ ముక్క వచ్చినా, గొడుగు పుల్ల వచ్చినా బెల్టు ఠక్కున ఆగింది. ఒక్క పూటలో అరవై సార్లు. శనివారంలోగా దారికి రాకపోతే కెమెరా పీకించేస్తానని మేనేజరు తేల్చి చెప్పాడు.

పెద్దక్కకి ఒళ్లు మండింది. సూది సూదిలా వస్తే మాకు మాత్రం కళ్లు లేవా అని ఇంజనీరుని నిలదీసి, తనే చెప్పడం మొదలుపెట్టింది. సూదుల్ని ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగిస్తారు, పైన పాత కాగితం చుడతారు, రెండు రబ్బరు బ్యాండ్లు వేస్తారు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఖాళీ సీసాకి ఇంత మర్యాద ఎవరూ చెయ్యరు. ఇంజనీరు పొల్లు పోకుండా ఎక్కించాడు.

శనివారం మధ్యాహ్నం దాకా బెల్టు ఆగలేదు. మేనేజరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడింటికి ఆగింది. కాగితం చుట్టిన సీసా, రెండు రబ్బరు బ్యాండ్లు. లారీలో నలిగి సీసా పగిలింది, పగులులోంచి సూది మొన బయటికొచ్చింది.

తోటికోడలు పట్టకారుతో కాగితం విప్పింది. అది తన కొడుకు లెక్కల నోటుబుక్కులో కాగితం. ఇద్దరూ ఉండే ఇంట్లో అత్తగారికి పూటపూటా షుగరు ఇంజెక్షన్ చేసేది పెద్దక్కే, సూదులు జాగ్రత్తగా కట్టి పారేసేదీ ఆమే. మూత బిగించాక ఇక భయం లేదనే ఆమె ఇన్నాళ్లూ నమ్మింది. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోయింది.

కంప్యూటరు పట్టింది కరెక్టేనా అని మేనేజరు పెద్దక్కని అడిగాడు.

"కరెక్టే సార్. మా ఇంటిదే. కెమెరా ఉండనివ్వండి."

తోటికోడలు కాగితం మడిచింది. "పోయిన నెలది కూడా మనదేనా అక్కా?"

"తెలీదమ్మా," అంది పెద్దక్క. "అన్నీ ఇలాగే కడతాను."