బెణుకు కాదు

ఉల్లిపాయలు తరుగుతూ బయాలజీ పాఠం వింటోంది హెలెన్. ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. రెండో చెవి ఇంటికోసం తెరిచి ఉంచాలి. ముందుగదిలో జెర్రీ ఆఫీసు మీటింగులో ఉన్నాడు. లాక్‌డౌన్ వచ్చాక పరదేశంలో, టాలట్ అనే ఊళ్లోని ఆ అద్దె ఇల్లే అతనికి ఆఫీసు, ఆమెకు కాలేజీ, వృద్ధుల ఆశ్రమంలో నర్సుగా పనిచేసే అత్తగారు మార్తాకు డ్యూటీ దిగాక పడుకునే చోటు. అందరికీ వేళకు వంట, కాఫీ, ఆపైన నిశ్శబ్దం సరఫరా చేయాల్సింది మాత్రం హెలెన్.

కంప్యూటర్ సైన్సులో ఆమెను చేర్పించింది జెర్రీయే. "చదువవగానే జాబు, ఇంటికి రెండో శాలరీ" అన్నాడు పెళ్లయిన కొత్తల్లో. ఆమెకేమో గుంటూరులో స్కూలుకెళ్లే రోజుల నుంచీ డాక్టరు కావాలని. ఈ దేశంలో ఏ డిగ్రీ చేసినవాళ్లయినా పరీక్ష రాసి మెడిసిన్‌లో చేరొచ్చని తెలిసినప్పుడు ఆమెకు ఊపిరాడినట్టయింది. అప్పట్నుంచీ కోడింగ్ పక్కనే కెమిస్ట్రీ, బయాలజీ చదువుతోంది. ఒకదాంట్లో అలిసిపోతే ఇంకోదాంట్లో సేద తీరుతుంది. ఆఖరి ఏడాది ప్రొఫెసర్ ఆ రెండూ కలిసే ప్రాజెక్టే ఇచ్చాడు. మణికట్టు ఎక్స్‌రేల్లో డాక్టర్ల కంటికి కూడా ఆనని సన్నటి విరుగుళ్లను కంప్యూటర్ చేత గుర్తుపట్టించాలి. నెలల తరబడి ముక్కూమొహం తెలియని మనుషుల చేతి ఎముకలు చూస్తూ కూర్చుంది. "శవాల దగ్గర కూర్చున్నట్టు ఆ బొమ్మలేంటే, చూస్తేనే చిరాగ్గా ఉంది" అనేవాడు జెర్రీ.

ఆ లాక్‌డౌన్‌లోనే అతని చెయ్యి లేచింది. ఒకసారి కాగుతున్న టీ విసిరాడు. ఇంకోసారి జుట్టు పట్టుకుని తలను ఫ్రిజ్ తలుపుకేసి కొట్టాడు. గట్టిగా ఏడిస్తే పక్కింటివాళ్లకు వినపడుతుందని నోరు నొక్కాడు. ప్రతిసారీ మార్తా వచ్చి గాయం కడిగి మందు రాసేది. ఆవిడ చెయ్యి ఎంతో మెత్తన. "వర్క్ ప్రెషరమ్మా వాడికి. నువ్వే కాస్త చూసుకోవాలి" అనేది. ఆ మెత్తదనానికే హెలెన్‌కి ఏడుపొచ్చేది. అది ప్రేమనే అనుకుంది.

ఆ మధ్యాహ్నం అతను ప్లేటు ముందు కూర్చున్నాక చెప్పింది. పొద్దున పరీక్ష ఫలితాలొచ్చాయి. మెడిసిన్‌లో సీటు వచ్చేంత స్కోరొచ్చింది.

"ఎవర్నడిగి రాశావ్?"

"నీకు చెప్పాను జెర్రీ. ఓకే, గో అహెడ్ అన్నావు."

"పాసవుతావని ఎవడనుకున్నాడే? ఇంకో నాలుగేళ్లు నేను వండుకుని తినాలా?"

ఆ క్షణంలో కుక్కర్ విజిల్ వేసింది. స్టవ్ ఆపుదామని లేచిన మనిషిని వెనకనుంచి తోశాడు. పడిపోతూ చాచిన అరచేతి మీద బరువంతా పడింది. లోపల ఏదో టప్పుమంది. లేవబోతుంటే అదే చేతిని మడమతో అదిమిపెట్టాడు.

"ఈ చేత్తోనేగా పరీక్ష రాసింది?"

అరిచానని ఆమెకు తెలియనే లేదు. గుమ్మంలో యూనిఫారంతో మార్తా నిలబడి ఉంది. "ఒరేయ్, మీటింగుకి టైమైందేమో చూసుకో" అంది కొడుకుతో. అంతే. అతను వెళ్లాక కోడల్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, అలమరలోంచి క్రేప్ బ్యాండేజ్ తీసింది.

"బెణికిందంతే."

హెలెన్ ఎడమచేతి వేలితో కుడి బొటనవేలి మొదట్లో ఉన్న గుంటను తాకింది. నొప్పికి కళ్లముందు వెలుగు పగిలినట్టయింది. ఆ గుంట కింద ఏ ఎముక ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ చిన్న ఎముకకు రక్తం ఒక చివర నుంచే అందుతుంది. విరిగినదాన్ని వదిలేస్తే రెండో ముక్క లోపలే చచ్చిపోతుంది. చేతికి ఎప్పటికీ సరిగా పట్టు దొరకదు. ఆ చేత్తో ఇక ఆపరేషన్ కత్తి పట్టడం, కుట్టు వెయ్యడం కుదరదు.

"ఇక్కడ నొక్కి చూడండి అత్తమ్మా."

మార్తా నొక్కలేదు.

"మీ దగ్గరున్న ముసలామె ఎవరైనా ఇలా పడుంటే ఏం చేసేవాళ్లు? ఎక్స్‌రేకి పంపేవాళ్లు కాదూ?"

"హాస్పిటల్లో అడుగుతారమ్మా ఎలా జరిగిందని. గార్డ్స్ వస్తారు, పోలీసు కేసవుతుంది. రేపు చర్చిలో నేను తలెత్తుకోవద్దూ?" కట్టు చుడుతూనే ఉంది. ఎక్కడా ముడత లేకుండా, ఎంతో నేర్పుగా. ఆ వేళ్ల కేసి చూస్తుంటే హెలెన్‌కి జెర్రీ మీద పుట్టనంత అసహ్యం పుట్టింది. కొట్టేవాడికి ఏం విరిగిందో తెలియదు. ఈవిడకి తెలుసు. టీ పడిన రోజూ తెలుసు, ఫ్రిజ్ దగ్గరా తెలుసు. ఇన్నాళ్లూ ఈవిడ నయం చేసింది తన గాయాలు కాదు, కొడుకు నేరాలు.

మరునాడు పొద్దున మార్తా డ్యూటీకి వెళ్లాక, జెర్రీ హెడ్‌ఫోన్స్‌తో మీటింగులో ఉండగా, హెలెన్ కోటు ఒక భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది. లువాస్ ట్రామ్‌లో మాస్కులేసుకున్న మనుషులు ఎడంగా కూర్చున్నారు. ఎవరూ ఆమె కేసి చూడలేదు. హాస్పిటల్లో ఎక్స్‌రే తెర మీద పడగానే డాక్టరమ్మ కన్నా ముందే ఆ గీతను హెలెన్ చూసింది.

"కింద పడ్డారా?" అడిగింది డాక్టరమ్మ.

ఇరుగుపొరుగుకు ఎన్నిసార్లో ఔనని చెప్పిన ప్రశ్న. "నా భర్త తోశాడు. తర్వాత తొక్కాడు" అంది.

పిండికట్టు వేసేసరికి హాస్పిటల్ వాళ్లు పిలిపించిన పోలీసు, ఒక మహిళా గార్డు వచ్చి ఎదురుగా కూర్చుంది. జరిగిందంతా విని, ఎవరైనా చూశారా అని అడుగుతుండగా బల్ల మీద ఫోన్ మోగింది. మార్తా. కట్టున్న చేత్తో ఎత్తలేక ఎడమ వేలితో స్పీకర్ నొక్కింది.

"హెలెన్, ఎక్కడున్నావే? జెర్రీ ఫోన్ చేసి ఏడుస్తున్నాడు. ఎవరికీ ఏం చెప్పకు తల్లీ. నేను చూశాగా, వాడు కావాలని తోసినా చెయ్యి విరుగుద్దని అనుకోలేదు. తొక్కింది కోపంలో. విరిగిందని నాకు అప్పుడే తెలుసు, నాలుగు రోజులాగి నేనే తీసుకెళ్దామనుకున్నా. ఇంటికొచ్చెయ్. ఆ మెడిసిన్ సంగతి వాడితో నేను మాట్లాడతాలే."

గార్డు పెన్ను ఆపి తలెత్తింది. "ఆవిడేమంటున్నారు?"

వాళ్లింట్లో ఎవరేమన్నా సగం మింగి, మిగతా సగం తియ్యగా చేసి బయటికి చెప్పడం హెలెన్‌కి పెళ్లినాటి నుంచీ అలవాటు. ఫోన్లో మార్తా ఇంకా పిలుస్తూనే ఉంది. హెలెన్ నిటారుగా కూర్చుని, అత్తగారి మాటల్లో ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ మెత్తబరచకుండా, అన్నీ ఇంగ్లీషులో చెప్పింది.