జల్లించిన ఇసుక

అడగకుండానే సలహా ఇవ్వడం నాలో ఉన్న సుగుణం. అవతలి మనిషి అడిగేదాకా ఆగితే, పాపం, అడిగే శ్రమ ఆయనది. హఫీజ్‌పేట్‌లో ఈ ఇల్లు దగ్గరుండి కట్టించాను కాబట్టి ఇసుక విషయంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని పైపోర్షన్‌లో కిరాయికున్న శివశంకర్‌కు కూడా అంటించాను.

రోజూ పొద్దున్నే పనిమనిషి కొమురమ్మ పైపోర్షన్ ఊడ్చి, చాటెడు రాళ్లు తెచ్చి గేటు పక్కన పోసేది.

"ఇవాళ ఇన్నేనా?" అనేవాణ్ణి.

"మొన్న చూడాలె సారూ, మంచం కింద కూడ రాళ్లే."

శివశంకర్‌ది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని ఆఫీసుల్లో అందరూ అందరి మీదా అరుస్తున్న రోజులు. ఇంటికొచ్చి అతను కోపంగా మాట్లాడినప్పుడల్లా నోట్లోంచి రాళ్లు రాలేవి. భార్య రేఖ నోట్లోంచి ఒక్కటి కూడా పడేది కాదు.

"ఆమె మింగుతది," అనేది కొమురమ్మ.

మేనేజరు ఇంట్లో సముద్రపు చేపలున్నాయని ఇతనూ ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టి, చెన్నై నుంచి ఒక జాఫిష్‌ని తెప్పించాడు. వేలెడు చేప, అందులో సగం నోరే. ఇసుకలో నిలువునా బొరియ తవ్వుకుని, తల మాత్రం బయటపెట్టి కూర్చుంటుందట. తొట్టిలో ఇసుక పోస్తుంటే నేను ఊరుకుంటానా? గోడల పూతకు జల్లించినట్టు జల్లెడ వాలుగా నిలబెట్టి, రాయన్నది లేకుండా జల్లించి ఇచ్చాను. గోధుమపిండిలా వచ్చింది.

చేప తవ్వింది. బొరియ కూలింది. మళ్లీ తవ్వింది, మళ్లీ కూలింది. దాక్కునే చోటు లేక చేప పాలిపోయింది. పైకెగిరి, తొట్టికి మూతగా వేసిన దోమల జాలికి తల కొట్టుకునేది.

అప్పుడే రేఖకు ఉద్యోగం వచ్చింది. డాక్టర్లు టేపుల్లో చెప్పింది విని టైపు చేసే పని. సోమవారం చేరాలి. ఆదివారం చేపను చూసి సలహా చెబుదామని పైకి వెళ్లాను. రేఖ జాలి తీసి మేత వేస్తోంది.

"పొద్దంత జర జర వెయ్యాలె దానికి," అన్నాడు శివశంకర్. ఠంగుమని ఒక రాయి నేల మీద పడింది. "నువ్వు పోతే ఎవరేస్తరు? ఇంట్ల ఉండి కూడ సక్కగ చూస్తలేవు, సస్తున్నది. ఇగ ఉద్యోగమట. రేపు పోయేది లేదు."

రేఖ తొట్టి మీంచి తలెత్తలేదు.

"చేప మీది," అంది. నీళ్లలో చిన్న రాయి బుడుంగుమంది. "తెచ్చేటప్పుడు నన్నడిగిన్రా? పెండ్లప్పుడు కొలువు చేయనిస్త అన్నరు. అత్తమ్మకు బాగలేదు, ఆగు అన్నరు. ఆగిన. ఆఫీసుల ఎవడో నిన్ను తిడితే ఇంటికొచ్చి నన్ను తిడ్తవ్. నీ మేనేజరు ముంగట ఒక్క రాయన్న పడ్డదా నీ నోట్లకెల్లి?"

మీరు కాస్తా నువ్వు అయ్యేసరికి రాళ్ల సైజు పెరిగింది. గుండ్రటివి, పలకలు, ఆల్చిప్ప ముక్కల్లాంటివి. ఏళ్ల తరబడి మింగినవన్నీ.

"పెద్దవి ముందు అడుగున పడితే, అమ్మా..." అన్నాను నేను.

"మీరాగుండ్రి, అంకుల్."

ఆ రాయి నా బొటనవేలి మీద పడింది.

శివశంకర్ తొట్టి మీదికి వంగి చూశాడు. తొట్టిలో నీళ్లు తేటపడేసరికి చేప ఒక పలకరాయిని నోట కరుచుకుని బొరియ అంచున పెడుతోంది. ఒకటి నచ్చక ఉమ్మేసి, ఇంకోటి తెచ్చుకుంది. సాయంత్రానికి బావికి రాతికట్టు కట్టినట్టు కట్టేసి, లోపల దిగి, తల బయటపెట్టింది. ఈసారి కూలలేదు.

సోమవారం రేఖ బస్సెక్కింది. చేపకు మేత వేసి ఆలస్యంగా వెళ్లిన శివశంకర్‌ను మేనేజరు తిట్టాడట. ఆయన బల్ల మీద మొదటిసారి ఇతని రాయి ఒకటి పడిందట.

"రేఖ కోపం తగ్గిందా?" అని తర్వాత కొమురమ్మను అడిగాను.

"యాడ తగ్గుతది? రోజు ఒకటన్న తొట్టిలేసి పోతది. చేపకు కావాలె గద."

ఇసుక జల్లించకూడదని నేర్చుకున్నాను. ఎవరైనా కోపంగా మాట్లాడుతుంటే మధ్యలో దూరకుండా ఉండడం మాత్రం నాకింకా రాలేదు.