నీలమ్మ దాటని ఏరు

మా బ్యాండులో అరిచేది నేను. బ్లాక్ మెటల్ అంటే అంతే: ముఖానికి తెల్లరంగు, కళ్ల చుట్టూ నల్లరంగు, ఆపైన అరుపు. కోయంబత్తూరులో ఇది వినేవాళ్లు నలభై మంది ఉంటారు. అందులో సగం మందికి మాతో మాటల్లేవు.

ఈసారి ఆల్బం మొత్తం మా ఇంటిదేవత నీలమ్మ కథే. ఎప్పుడో మావాళ్లు సైన్యానికి భయపడి తెలుగుదేశం విడిచి దక్షిణానికి పారిపోతూ వరద ఏరు దాటుతుంటే, నీలమ్మ ఒడ్డున దివిటీ పట్టుకుని నిలబడింది. అందరూ దాటారు, ఆమె దాటలేదు. ఏడు పాటల్లో ఆరు నేను రాశాను. ఏడోది మా పళనియమ్మాళ్ అవ్వది; స్టూడియోలో ఆమె చేతే పాడించి, నడుమ నా అరుపూ డ్రమ్ములూ కలిపాం.

కినత్తుకడవు కొబ్బరితోపులోని నీలమ్మ గుడిలో ఆ పాట నలభై ఏళ్లు అవ్వే పాడింది. చివర్లో నీలమ్మ "దాటితిరా?" అని అడుగుతుంది. వంశమంతా గొంతు వచ్చిన దిక్కుకు తిరిగి, చేతులు జోడించి "దాటితిమమ్మా" అనాలి. పాడిన మనిషి "ఇంక పొండి" అనేదాకా చేతులు దించకూడదు. మూడేళ్ల కిందట తాత పోయాడు. మొగుడు పోయిన మనిషి గుడిగోడ లోపలికి రాకూడదన్నారు. అప్పటినుంచి ఏటా గుడి పండగకు పొంగలి ఉంది, పాట లేదు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఈ ఏడు పెరుమాళ్‌సామి పెదనాయన మా ఇంటికొచ్చాడు. గుడి పెత్తనం ఆయనదే. అవ్వకు పెద్దకొడుకూ ఆయనే.

"ఏం మాలినీ కణ్ణు, అవ్వ పాట నీ సెల్లులో ఉండాదంటనే. మైక్‌సెట్టులో పెట్టేస్తాం. ఆచారం, సాంగ్యం నిలవాల గదా."

"అవ్వనే పిలవచ్చు గదా పెదనాయనా?"

"అట్ల వళక్కం లేదు, పెద్దల కాలం నుంచీ. మైక్‌సెట్టుకి ఏం దోషం?"

ఇవ్వనని చెప్పబోయాను. వంటింట్లోనుంచి అవ్వ అంది, "ఇచ్చెయ్ పాపా. గొంతన్నా లోపలికి పోనీ."

నాకు ఏడుపొచ్చింది. ఇస్తానన్నాను. కానీ స్పీకరు మాత్రం నేనే కడతానన్నాను.

పండగనాడు అవ్వ గోడ బయట, చెప్పులు విడిచే చోట, వేపచెట్టు కింద కూర్చుంది. స్పీకరు ఆ చెట్టుకే కట్టాను. లోపల పెడితే పెద్దవాళ్ల చెవులు పోతాయని పెదనాయనకు చెప్పాను. అది నిజమే.

పాట మొదలైంది. నడుమ నా అరుపుకు ఇద్దరు ముసలమ్మలకు పూనకం వచ్చింది. మా కచేరీల్లో ఇంతవరకు ఎవరికీ రాలేదు. తర్వాత డ్రమ్ములు ఆగాయి. అవ్వ గొంతు ఒక్కటే మిగిలింది.

"దాటితిరా?"

నూటయాభై మంది గర్భగుడికి వీపు పెట్టి చెట్టువైపు తిరిగారు. గోడ నడుమెత్తే. అందరి చేతులూ అవ్వకే జోడించి ఉన్నాయి.

"దాటితిమమ్మా."

రికార్డు అక్కడితో అయిపోయింది. ఆఖరి మాట అవ్వ స్టూడియోలో అనలేదు. ఎంత బతిమాలినా అనలేదు.

ఎవరూ చేతులు దించలేదు. పొంగలి అడుగంటుతున్న వాసన వచ్చింది. గేటు దగ్గర నిలబడ్డ పెదనాయన చివరికి నోరు తెరిచాడు.

"అమ్మా, సెప్పమ్మా."

అవ్వ ఆకువక్క నమలడం పూర్తిచేసింది. నోరు పుక్కిలించింది.

"ఆ మాట నీలమ్మ ముందర నిలబడి గదప్పా అనాల. ఈడెట్ల అనేది?"

పెదనాయన జోడించిన చేతులతోనే గేటుకు అడ్డం తొలిగాడు.