గుండ్రటి మీటర్లు

పాలు కాచాలి. పిల్లాడి యూనిఫాం ఇస్త్రీ చేయాలి. అత్తయ్యకు బీపీ మాత్ర చేతిలో పెట్టాలి. ఆయన బాక్సు కట్టాలి, మిగిలితే నాది కట్టుకోవాలి. ఆఫీసుకెళ్ళాక, కంప్యూటర్ తెరమీద విండోను పక్కకు సాగదీస్తే గుండ్రటి మీటర్లు కోడిగుడ్లలా అయిపోకుండా చూడాలి.

ఈ చివరి పని సంగతి ఇంట్లో ఎవరికీ పట్టదు. నీళ్ళు శుద్ధిచేసే కేంద్రం కోసం మేం రాస్తున్న ప్రోగ్రాం అది. ట్యాంకులు, పైపులు, పీడనం చూపే మీటర్లు బొమ్మలుగా కనిపించాలి, చిన్న కంప్యూటర్‌లోనైనా, గోడంత తెరమీదైనా. మొదట్లో ప్రతి బొమ్మకూ తెరమీద ఇన్ని చుక్కలని (పిక్సెళ్ళని) కొలత రాసేశాను. నా తెరమీద బాగానే ఉంది. మీటింగ్ రూములో పెద్ద తెరమీద వేసేసరికి బొమ్మంతా ఓ మూల తపాలా బిళ్ళంత అయి కూర్చుంది. ఆ కొలతలన్నీ తీసేసి, విండో వెడల్పులో ఎంత వంతు, ఎత్తులో ఎంత వంతు అని మళ్ళీ రాశాను. విండో మారినప్పుడల్లా మొత్తం తనే కొత్తగా గీసుకుంటుంది. "బొమ్మలు గీసినందుకే ఇంత అలసటా?" అన్నారు ఆయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "చదువుకున్న కోడలు కదరా, అలసట కూడా పట్టా పుచ్చుకునే వస్తుంది" అని అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను. మా పుట్టింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని. ఎవరికీ ఎదురు చెప్పకమ్మా అని నాన్న మరీ మరీ చెప్పి పంపారు.

కస్టమర్లకు ప్రోగ్రాం చూపించే రోజు దగ్గరపడింది. ఎవరు చూపిస్తే తర్వాతి ప్రాజెక్టు వాళ్ళ చేతికే వస్తుందని అందరికీ తెలుసు. మా టీం లీడ్ నా సీటు దగ్గరికొచ్చాడు. "మీకు ఇంట్లో బాధ్యతలుంటాయి కదమ్మా. చిన్నమ్మాయి చూపిస్తుందిలెండి" అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు.

చిన్నమ్మాయంటే ట్రైనింగులో కొత్తగా చేరిన పిల్ల. అబద్ధమెందుకు, ఆ పిల్లంటే నాకు కడుపుమంట. తలారబెట్టుకుని వస్తుంది. అన్నం వేడిగా తింటుంది. ఆరు దాటినా కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది, ఎవరికీ ఫోన్ చేసి సంజాయిషీ చెప్పుకోదు. "అక్కా, కాస్త ఇది చూడవా" అని పక్కకొస్తే ఆ సబ్బు వాసనకే నాకు ఒళ్ళు మండేది. నా మీటర్ల ముందు ఆ పిల్ల నిలబడుతుందా? ఆ రాత్రి ఇంట్లో స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. "నీళ్ళు ఊరికే పోతున్నాయే!" అని అత్తయ్య తలుపు కొట్టింది.

ప్రోగ్రాం చూపించే రోజున నేను వెనక కూర్చున్నాను. కస్టమర్లలో కళ్ళజోడాయన మౌస్ అందుకుని విండోను బారెడు సాగదీశాడు. ట్యాంకులు సాగాయి, మీటర్లు మాత్రం గుండ్రంగానే ఉన్నాయి.

"ఇవెందుకు సాగలేదు?" అన్నాడు.

"మా అమ్మాయి మహా చురుకు సార్. చెప్పమ్మా" అన్నాడు లీడ్.

చిన్నమ్మాయి తెరవైపు ఒకసారి చూసింది. "నాకు తెలీదు సార్. ఇది నేను రాయలేదు, అక్క రాసింది. అక్కా, నువ్వు రా" అని లేచి తన కుర్చీ నావైపు జరిపింది.

వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. "మీటరు సాగితే ముల్లు ఎక్కడుందో సరిగా తెలీదండీ. అందుకని విండో వెడల్పు, ఎత్తుల్లో ఏది తక్కువైతే దాని వంతే రెండువైపులా ఇచ్చాను." కళ్ళజోడాయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెప్తూనే ఉన్నాను.

ప్రాజెక్టు నాకే వచ్చింది. ఆ పిల్లని నా టీంలోకి అడిగాను. "కస్టమర్ ముందు తెలీదనే మనిషి మనకెందుకమ్మా" అన్నాడు లీడ్. ఎదురు చెప్పాను, మొదటిసారి. కానీ అప్పటికే ఆమె ట్రైనింగు పొడిగించకుండా పంపేశారు.

ఆ పిల్లంటే నాకింకా అసూయే. "ఇది నాది కాదు" అని ఎంత తేలిగ్గా అనేసింది! "ఇది నాది" అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, అదీ ఒకరు కుర్చీ జరిపితే. మా ఆఫీసులో ఇప్పుడు ఆమె ఊసెత్తేవాళ్ళు లేరు. మీరైనా ఆ పిల్లని గుర్తుపెట్టుకోండి.