ఐదో చార

నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. రెండూ పాత చింతపండు రంగులో కనిపిస్తాయి. నలభై తొమ్మిదేళ్ల చేనేతవాణ్ణి నేను. ఈ సంగతి నా భార్య అంజనమ్మకు తప్ప కోడుమూరులో ఎవరికీ తెలియదు. మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది ఆమే. ఆకుపచ్చ కండెకు దారం కొసన చిన్న ముడి వేస్తుంది, ఎర్రదానికి వెయ్యదు. నా వేళ్లు ముడిని తడిమి రంగు తెలుసుకుంటాయి. ఇరవై ఆరేళ్లు మా మగ్గం అలాగే నడిచింది.

ఒక్కసారి తప్పింది. రెండువేల ఐదులో తన చెల్లెలి కూతురు పవిత్ర కాన్పుకని అంజనమ్మ రాయచోటి వెళ్లింది. ఆమె చుట్టి పెట్టినవి అయిపోయాయి. పక్కింటి హంపమ్మ తనంతట తానే వచ్చి బుట్టెడు కండెలు చుట్టి ఇచ్చింది. వేటికీ ముడి లేదు. ఏది ఏ రంగు అని అడగబోయాను. అడిగితే తెలిసిపోతుంది. "బాగా చుట్టినావక్కా" అని మాత్రం అన్నాను.

ఆ వారం నేసిన కండువాల్ని బట్టల అంగడి రాఘవేంద్రప్రసాద్ శెట్టి మడత విప్పకుండానే సినిమావాళ్లకు అమ్మాడు. మా వైపు కక్షల మీద వాళ్లు తీస్తున్న సినిమా అది. మరుసటేడు వేసవిలో విడుదలైంది. చివర్లో ముసలి నాయకుడు పగ వదిలి శత్రువు గడప తొక్కుతాడు. అప్పుడతని భుజం మీద నా కండువా తెరంతా నిండుతుంది. కొసన ఏడు ఎర్ర చారలు.

అంజనమ్మతో కలిసి చూశాను. ఆ దృశ్యానికి హాలంతా ఒక్కసారిగా లేచింది. సగం మంది ఈలలు, సగం మంది తిట్లు. నాకేమీ అర్థం కాక పక్కకు తిరిగాను. అంజనమ్మ నా చెవిలో అంది: "ఐదో చార పచ్చగుండాదయ్యా."

పదేళ్ల కిందట డోన్ దారిలో ఒక నాయకుణ్ణి ఆకుపచ్చ జీపులో చంపారు. ఆయన మనుషులు, ఆ పచ్చ చార మా అన్న జీపే, రక్తం మధ్యలో పెట్టి వెక్కిరించారన్నారు. అవతలి పక్షం, మిగిలిన ఆరు చారలూ మా మీద మోపిన ఆరు హత్యలేనంది. పత్రికలు కండువా బొమ్మ వేసి బాణం గుర్తు పెట్టాయి. దర్శకుణ్ణి అడిగితే, అర్థం ప్రేక్షకులకే వదిలేస్తున్నానని నవ్వాడట. ఆ నవ్వుతో మా ఊళ్లో సినిమా ఆగిపోయింది. కండువాలు అమ్మింది ఆయనేనని రెండు పక్షాలూ శెట్టి మీద పడ్డాయి: ఆ చార ఎవరు వేయించారో గురువారం పొద్దునకు చెప్పాలి, లేకపోతే అంగడి ఉండదు.

నేను మూడు రోజులు మగ్గం ఎక్కలేదు. శెట్టి నా పేరు చెప్పలేదు. చెబితే నన్ను కొడతారని ఆయన భయం. నా భయం దెబ్బలు కాదు. రంగు తెలియని నేతగాడికి రంగు నూలు ఎవరిస్తారు? ఇంతమంది ఇన్ని అర్థాలు చదివిన చోట ఉన్నది నా లోపం ఒక్కటే. దాన్ని దాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదని కూడా అనిపించింది. ఆ ఆలోచనకే సిగ్గేసింది.

గురువారం చొక్కా వేసుకుంటుంటే అంజనమ్మ అడిగింది. "యాడికి?"

"శెట్టి అంగడికి."

ఆమె లేచి, తలుపు గడియ తనే తీసింది.

అంగడి అరుగు మీద ఈ చివర జీపు వాళ్ల బొజ్జన్న, ఆ చివర అవతలి పక్షం ఏసన్న. మధ్యలో చెమటలు కక్కుతూ శెట్టి, చుట్టూ ఊరి జనం.

"ఆ కండువా నేసింది నేను" అన్నాను. "పచ్చ చార ఎవురూ ఎయ్యమనలేదు. నాకు ఎరుపూ పచ్చా తెలీదు."

ఏసన్న నవ్వాడు. "శానా బాగుండాది. ఎంతిచ్చినారప్పా ఈ మాట చెప్పేదానికి?"

బొజ్జన్న లేచి, బీరువాలోంచి పది రవిక గుడ్డలు లాగి నా ముందు పోశాడు. "ఎర్రవి ఈ పక్క, పచ్చవి ఆ పక్క పెట్టు. సూస్తాం."

కూర్చున్నాను. వేళ్లు అలవాటుగా ముడికోసం వెతికాయి. తోచినట్టు రెండు కుప్పలు పెట్టాను. బొజ్జన్న వంగి కుప్పలు తిరగేసి, "రెండిట్లోనూ రెండు రంగులూ ఉండాయి" అన్నాడు.

"నటిస్తాండాడు" అన్నాడు ఏసన్న. గొంతులో ఇందాకటి బలం లేదు.

జనంలోంచి హంపమ్మ ముందుకొచ్చింది. "నటనేందప్పా? సంతలో ఎప్పుడు సూసినా పచ్చి టమాటాలే ఏరుకుంటాడు. ఊరుబిండి పచ్చడంటే ప్రాణమేమో అనుకుంటాంటి! ఆ కండెలు సుట్టింది నేనే. ఒక్క మాట అడిగింటే సెప్పకపోదునా, శేషన్నా?"

మొదట నవ్వింది బొజ్జన్న. "మా అన్న జీపును ఈ మనిషి మగ్గం మీద ఎక్కించుకోని తిప్పినాడురా!"

"మా ఆరు కేసులూ ఈయప్ప నాడెలోనే ఉండాయంట!" అన్నాడు ఏసన్న. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నవ్వారు, తర్వాత చూపులు తిప్పుకున్నారు. శెట్టి అందరికీ సోడాలు తెప్పించాడు. నాకు రెండు.

ఇంటికి నడుస్తుంటే పిల్లలు వెంటబడి, "శేషన్న మామా, నా అంగీ ఏం రంగు?" అని అడిగారు. ప్రతి ఒక్కరికీ తప్పే చెప్పాను. ఇంత తేలిగ్గా తప్పు చెప్పగలనని నాకు తెలియదు.

సినిమా మళ్లీ మొదలైంది. నాలుగు రోజులకు శెట్టి రంగు నూలుతో ఇంటికొచ్చాడు. "పిల్లోళ్లంతా సినిమా కండువా కావాలంటాండారు. ఐదో చార పచ్చదే ఉండాల. మర్సిపోవద్దు!"

అంజనమ్మ కండెలు చుట్టి, పచ్చవాటికి మళ్లీ ముడులు వేసింది.

"ఇంకా ముడులెందుకు? అడుగుతాలే" అన్నాను.

"అడుగు. నీ ఏళ్లకు అలవాటు కదా, ఉండనీ."

నాలుగు చారలు నేశాను. చెయ్యి బుట్ట వైపు పోయింది. ముడి దొరికినా, పైకే అడిగాను, కిటికీలోంచి హంపమ్మకు కూడా వినబడేలా.

"ఇదేం రంగు?"

"పచ్చ" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నాడె తోశాను. సాయంత్రానికి కండువా కొస పూర్తయింది. కాళ్లు మగ్గం గుంటలోనే ఉంచి, వంగి చాలాసేపు చూశాను. ఏడు చారలూ ఒకేలా, చక్కగా ఉన్నాయి.